తమ్ముడి నిద్ర

విచారణ జరిపే ఫాదర్ గారికి,

ఫాదర్‌గా బతికి కన్నుమూసిన మా తమ్ముణ్ణి పునీతుడిగా ప్రకటించే ముందు సమాధి తెరిచి చూడాలట, అందుకు అక్కగా నా అంగీకారం కావాలట. మీది నా మనవడి వయసు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను.

వాడి సుగుణాలు అడిగారు. పగలనక రాత్రనక తలుపు చప్పుడైతే చాలు, నోటిదాకా వచ్చిన ముద్దను కూడా పళ్ళెంలో వదిలేసి లేచేవాడు. "తిని వెళ్ళరా, వాళ్ళేం పారిపోరు" అంటే, "తట్టడానికి ఎంత సంకోచించారో అక్కా" అనేవాడు. మీరు దాన్ని ప్రేమ అంటారు. చల్లారిన కూర మళ్ళీ మళ్ళీ వేడిచేసినదాన్ని కాబట్టి నేను వేరే మాట అనేదాన్ని. బుద్ధెరిగాక వాడు కంటినిండా నిద్రపోతున్నది ఇప్పుడే. అందుకే వద్దని రాద్దామని కూర్చున్నాను.

కలం పట్టుకునే కునుకు తీశాను. కలలో వాడి పాత గదే, గోడలు మాత్రం పొగమంచులా కదులుతున్నాయి. ఎవరో తలుపు తట్టారు. వాడు దుప్పటి మడిచి, కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటూ, "వస్తున్నా" అన్నాడు. నేను ఆపబోతే నవ్వాడు.

అంచేత ఒప్పుకుంటున్నాను. వెళ్ళగానే గడ్డపారలు ఎత్తకండి. ముందు మెల్లిగా తట్టండి. వాడు చెప్పులు వేసుకునేదాకా ఆగండి.

ఆశీస్సులతో,
వాడి అక్క