కారుకు పూసిన కందెన

ఏమండీ,

ముందు కారు సంగతి. వెనక ఇరుసు జాయింటు మీద ఇంక సుత్తి దెబ్బ పడనీయకండి. మీరు బాదిన బాదుడికి నట్టు మరలు ఇప్పటికే చెడ్డాయి. కిరసనాయిలు పోసి సాయంత్రం దాకా కదపకండి. తర్వాత శుభ్రంగా తుడిచి, బ్లోలాంపుతో వేడిచేసి, బిగుసుకున్నదాన్ని ఊడలాగే పుల్లరు తగిలించి లాగండి. ఆ పుల్లరు మా బ్రహ్మయ్య అన్నయ్య నరసరావుపేటలోని తన షెడ్డు నుంచి తెచ్చి వసారాలో గోనెపట్టా కింద పెట్టాడు. నట్టు మొత్తం ఊడదీయకండి, కొసన ఉంచండి. లేకపోతే జాయింటు ఎగిరొచ్చి మొహాన కొడుతుందట. ఈ ముక్క రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను.

అన్నయ్య కారు కింద దూరి, "ఏందమ్మా ఇది, ఎడ్లబండి కందెన కారుకి పూసిందెవురు?" అన్నాడు. ఆముదం, గడ్డి బూడిద మన ఊరి దుమ్ముతో కలిసి జాయింటులో రాయిలా బిగుసుకున్నాయట. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

"ఏమే, కాన్పుకి ఒక్క కుదుపు లేకుండా గుంటూరు ఆస్పత్రి గుమ్మంలో దించుతా" అని మీరు ఊరంతా వినేలా చెప్పారు. డాక్టరమ్మ ఇవాళ వచ్చి చేరమంది. మీరేమో మాచర్లలో ఓట్ల పనిమీద ఉన్నారు, కారేమో రాళ్ల మీద ఉంది. అత్తయ్యను తోడు తీసుకుని శావల్యాపురం స్టేషనుకి ఎడ్లబండిలో పోతున్నాను. అన్నం ఉట్టి మీద ఉంది. తింటే తినండి.

హనుమాయమ్మ

మరిచాను. బండి ఇరుసు ఎండిపోయి వాకిట్లోనే కీచుమంటోంది. కాస్త పూద్దామని చూస్తే గొట్టంలో కందెన చుక్క లేదు. అంతా కారుకే పూశారు.