నువ్వడిగిన చరణం

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, అక్కడ నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాం. ఈ ఒక్క వాక్యం రాసి కలానికి మూత పెట్టేశాను. అసలు ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పోస్టులో పోయిందనుకుంటావులే అని. మీ అమ్మ ఊరుకోలేదు. "పాటలైతే పేజీలకు పేజీలు అల్లుతారు, కన్నకూతురికి నాలుగు ముక్కలు రాయడానికి చెయ్యి రాదా?" అని కడిగేసింది. అందుకని మళ్లీ మూత తీశాను.

నువ్వు మూడు సంగతులు అడిగావు. మొదటిది అమ్మ మోకాలు. అది దాని ఇష్టప్రకారమే ఉంది. మెట్లెక్కేటప్పుడు మూలుగుతుంది, పక్కింటావిడతో తగువుకు దిగేటప్పుడు మాత్రం కిక్కురుమనదు. రాతిపొడి మిల్లు మూతపడ్డాక మీ అమ్మకొక సరదా పట్టుకుంది, నీకు రాశానో లేదో. వీధిలో తీగ కట్టించుకుని బట్టలు బయటే ఆరేస్తోంది. మిల్లు నడిచే రోజుల్లో బయట ఆరేసిన చీర సాయంత్రానికి పిండిలో దొర్లించినట్టుండేది కదా. ఇప్పుడు తెల్ల దుప్పటి తెల్లగానే ఆరుతోందని దారినపోయేవాళ్లని ఆపి మరీ చూపిస్తుంది.

రెండోది, మీ మరిదికి పని దొరికిందా అని. దొరికింది. ఎక్కడన్నది తరవాత చెబుతాను.

మూడోది పాట. నీతో బట్టలు కుట్టే ఆడవాళ్లు మన పాట పాడుకుంటున్నారనీ, ఇంకో చరణం అడుగుతున్నారనీ, రాసి పంపమనీ అన్నావు. అది చదివి మీ అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను బయటికెళ్లి సిగరెట్టు వెలిగించాను.

సిగరెట్టంటే ఒకటి గుర్తొచ్చింది. నాది బడి చదువు కాదని నీకు తెలుసుగా. బోర్డులు రాసే మేస్త్రీ దగ్గర రంగుడబ్బాలు మోస్తూ, ఆయన గీసిన అక్షరాల మీద కుంచె తిప్పేవాణ్ణి. ఏం రాస్తున్నానో తెలియకుండానే ఊళ్లో సగం గోడలు రాసేశాను. ఒకసారి మిల్లు గోడ మీద ఎర్రరంగుతో మనిషెత్తు అక్షరాలు రాసి, ఆ పక్కనే వీపానించి సిగరెట్టు కాల్చుకుంటుంటే వాచ్‌మన్ వచ్చి చెవి పట్టుకున్నాడు.

"ఏం రాశావురా ఇక్కడ?"

"ఏమో అన్నా. గుండ్రంగా వచ్చాయా, లేదా?"

పొగ తాగరాదు అని రాశానట. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట అదే. లోపల మనుషులు రాతిపొడి పీలుస్తుంటే, బయట గోడకి పొగ మీద అంత పట్టింపు ఏమిటో అప్పుడు తోచలేదు. మీ ఆయన పోయాక తోచింది. అతని చొక్కా పట్టుకుని గుమ్మంలో దులపబోయి, దులపలేక నిలబడిపోయిన నిన్ను చూసి కట్టాను ఆ పాట.

దులపబోకే పిల్లదానా, దుమ్ము కాదే చొక్కా మీద
దులిపితే రాలేది చూడే, నీ మగని ఊపిరే

గేటు ముందు నిలబడి నువ్వే పాడావు. నీ వెనక వీధి వీధంతా పాడింది. మిల్లు మూసేశారు. ఆ వేళ నన్ను భుజాల మీద ఊరేగించారు. ఆ భుజాలన్నీ మర్నాటి నుంచి ఖాళీగానే ఉన్నాయి తల్లీ. వేరే పని వస్తుందన్నారు, రాలేదు. నీలాగా కొందరు ఊరొదిలి వెళ్లారు. ఉన్నవాళ్లు నన్ను పలకరించడం మానేశారు. టీ కొట్లో నేను కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. ఇన్నాళ్లూ నీకు "ఇక్కడ అందరూ మన పాటే పాడుకుంటున్నారు" అని రాస్తూ వచ్చాను. ఒక్కరూ పాడలేదు.

మొన్న మీ మరిది తన పిల్లదాన్ని చంకనేసుకుని వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మిల్లు మళ్లీ తెరుస్తారట మావయ్యా. మనవాళ్లు సరే అంటేనేనట. పాడి మూయించారు కదా, మీరే పాడి తెరిపించండి."

"మీ అన్న దేనితో పోయాడురా?"

"దుమ్ముతోనే పోయాడు. పాడెకి భుజం పట్టినవాణ్ణి, నాకు తెలీదా?"

"తెలిసే అడుగుతున్నావా?"

"దుమ్ము చంపడానికి ఏళ్లు పడుతుంది మావయ్యా. ఆకలి అంత టైమివ్వట్లేదు."

పిల్లదాని మోచేతులు చూశాను. ఎముకలే కనబడ్డాయి. మీ అమ్మ గిన్నెలో ఉన్నది తెచ్చి దాని నోట్లో పెట్టింది. నా వైపు చూడలేదు. రాయమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

అమ్మడూ, నువ్వడిగిన చరణం రాశాను. నీ కోసం కాదు.

దులుపుకోకోయ్ చిన్నవాడా, దుమ్ము కాదోయ్ చొక్కా మీద
దులిపితే రాలేది చూడోయ్, నీ బిడ్డ బువ్వే

మొదటి పాటకి నెలలు పట్టింది. ఇది భోంచేసి చెయ్యి కడుక్కునేలోపు వచ్చేసింది. నన్ను తినేస్తున్నది అదే. కొత్త మాటలు పెడితే రాగమైనా అడ్డం తిరుగుతుందేమోనని చూశాను. తిరగలేదు. అదే వరస, అదే గొంతు.

నిన్న గేటు దగ్గర మైకు పెట్టారు. పాడాను. మేనేజరు చప్పట్లు కొట్టాడు, తాళం తప్పకుండా. అందరూ అందుకున్నారు. వెనక వరసలో ఒకావిడ పాత మాటలే పాడుతోంటే పక్కావిడ మోచేత్తో పొడిచింది. ముక్కుకు కట్టుకోమని తలా ఒక గుడ్డ ఇచ్చారు. సాయంత్రానికే వాటితో సైకిళ్లు తుడుచుకుంటున్నారు. మీ మరిది వాళ్ల అన్న నిలబడ్డ మర దగ్గరే నిలబడతాడట. నాకు దణ్ణం పెట్టి వెళ్లాడు.

నీ తోటివాళ్లకి పాత చరణమే చాలని చెప్పు. అది నీదని చెప్పు, మీ నాన్నదని చెప్పకు. ఇక నేను కట్టను. కట్టినా దాన్ని నమ్మకు. నువ్వు తిట్టి రాసినా సరే, రాయి.

ఇంతలో మర తిరగడం మొదలైంది. మీ అమ్మ వీధిలోకి వెళ్లి, తీగ మీది బట్టలు తడివి తడిగానే తెచ్చి లోపల ఆరేసింది.

ఇట్లు,
నువ్వు ఏమన్నా పడవలసిన
మీ నాన్న