మూడో రోజు తెరిచిన రేవు

పార్సిప్పనీ, న్యూజెర్సీ
19 అక్టోబరు 2025, ఆదివారం

మా కూతురులాంటి ప్రిస్సిల్లాకు,

ప్రభువు నామంలో నీ ఆమోసు అంకుల్, వసంతకుమారి ఆంటీ ప్రేమతో పంపే వందనాలు. దేవుని కృపవల్ల మేమిక్కడ క్షేమం. నువ్వు వర్జీనియాలో కులాసాగా ఉన్నావని, వేళకు తింటున్నావని తలుస్తున్నాం. ఆ రెండోదాని మీద మాత్రం ఆంటీకి పెద్ద నమ్మకం లేదు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోనులో అయితే నీ గొంతు వినగానే నేను మాట మార్చేస్తాను. పోయిన ఆదివారం చేసిందీ అదే. నువ్వు ముఖ్యమైన సంగతి అడుగుతుంటే నేను ఆంటీ మోకాలి గురించి ఇరవై నిమిషాలు చెప్పాను. సండే స్కూలు వెనక గదిలో నీకు తెలుగు అక్షరాలు దిద్దించింది నేనే కాబట్టి, చదవడం రాదని తప్పించుకోవడానికి నీకు వీల్లేదు. నెమ్మదిగా కూడబలుక్కుని చదువుకో.

ముందు ఇక్కడి కబుర్లు. ఆంటీ మోకాలి ఆపరేషన్ బాగానే జరిగింది. వాకర్ పట్టుకుని అపార్ట్‌మెంటు వరండాలో అటూ ఇటూ నడుస్తోంది, అడుగుకో మాట చొప్పున నన్ను తిడుతోంది. మన సంఘం ఇంకా ఆ తెల్లవాళ్ల చర్చి హాల్లోనే, మధ్యాహ్నం రెండింటికి. పాస్టర్ షాలేం రాజుగారి ప్రసంగం గంటకు తగ్గించమని పెద్దలమంతా కలిసి మనవి చేశాం. ఆయన ప్రసంగం తగ్గించి ప్రార్థన పెంచారు. నా ఉద్యోగం మామూలే. ఏ టెర్మినల్‌లో ఎంత డీజిల్ ఉందో, ఏ ట్యాంకరు ఎటు పోవాలో పొద్దస్తమానం స్క్రీన్ మీద చూసుకుంటూ కూర్చోవడమే.

ఇక నువ్వడిగిన సంగతి. నవంబరు పద్నాలుగున నాలుగు చిన్న దేశాల అధికారులు దేశాల భద్రత మీద పరిశోధించే మీ సంస్థకు వస్తున్నారన్నావు. పక్కనున్న పెద్ద దేశం తమను ఒక్కొక్కరినే మింగేయకుండా నలుగురూ కలిసి సైనిక ఒప్పందం చేసుకోవాలనుకుంటున్నారని, దాని ముసాయిదా వాళ్ల ముందు పెట్టేది నువ్వేనని చెప్పావు. మీరు రావాలి అంకుల్, ప్లీజ్, పెద్ద కంట్రీ ఆఫర్ పంపినప్పుడు మనిషికి లోపల ఎలా ఉంటుందో వాళ్లు మీ నోటితో వినాలి, నేను చెప్తే జస్ట్ థియరీలా ఉంటుంది అన్నావు.

నేను రాలేనమ్మా. ఆంటీని ఒంటరిగా వదలలేను. చలికాలం ముందు మా ఆఫీసులో ఊపిరి సలపదు. నాలుగు గంటలు ట్రైన్‌లో కూర్చుంటే నా నడుము నాది కాదు. మూడు కారణాలూ రాసి చూసుకుంటే ఒక్కటీ నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

ఆ ఆట గుర్తురాని రోజు లేదు నాకు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో నువ్వు ఫోన్ చేసి, చిన్న దేశాల కూటమి మీద నువ్వు రాసిన ప్రతిపాదనను పరీక్షించడానికి మనుషులే దేశాలుగా ఆడే రెండు రోజుల యుద్ధపు ఆట పెడుతున్నారని, నేను ఆడాలని అన్నప్పుడు ఆంటీ పగలబడి నవ్వింది. ఈయనకు క్యారమ్స్ కూడా రాదమ్మా అంది. ఇక్కడ ఉన్నవాళ్లంతా పుస్తకాలు చదివినవాళ్లే అంకుల్, డీజిల్ అయిపోతే ఊళ్లో ఏమవుతుందో నిజంగా తెలిసింది మీకే అన్నావు నువ్వు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో చెప్పలేను. కొత్త కోటు కొనుక్కున్నాను.

మూడు దీవులు, మూడు గదులు. నన్ను ఒక దీవికి ఇంధన మంత్రిని చేసి, ఆ గదిలో ఆఖరి మాట నాదేనన్నావు. నాలుగో గదిలో పెద్ద దేశం, అంటే దాని తరఫున ఆడే ఆ రిటైర్డ్ కల్నల్. దానికి పేరు పెట్టలేదు నువ్వు, ఎవరికి వారే పెట్టుకుంటారులే అన్నావు. ఒప్పందం చిన్నది. ఒకరి రేవు మూస్తే ముగ్గురి రేవులూ మూసినట్టే. ఎవరూ విడిగా రాజీ పడకూడదు. ఆటలోని లెక్కలో ఆరు రోజులు నిలబడితే బయటి సాయం వస్తుంది. గదుల మధ్య మాటలు లేవు, కాగితాలే. వాటి మీద రాసిన టైమ్ వేసి రిఫరీ చేతికివ్వాలి. ప్రతిపాదన నీదే కనుక నిన్ను ఏ గదిలోకీ రానివ్వలేదు. మధ్య హాల్లో, నీ ప్రతిపాదన నిలుస్తుందో లేదో చూడవచ్చిన అతిథుల పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావు. చిన్నప్పుడు బైబిల్ క్విజ్‌లో నీ వంతు కోసం అలాగే కూర్చునేదానివి.

పొద్దున ఆటలో రెండు రోజులు గడిచాయి. మూడు రేవుల చుట్టూ పెద్ద దేశపు ఓడలు. ముగ్గురం గట్టిగానే ఉన్నాం. భోజనాలయ్యాక మూడో రోజు మొదలవగానే నా గదికి కాగితం వచ్చింది. మీ రేవులోకి మా ఓడల్ని రానిస్తే మీ ట్యాంకర్లను వదిలేస్తాం, మీ జోలికి రాం అని. నేను సంతకం పెట్టాను. నా రేవులోంచే వాళ్లు మిగతా రెండు దీవుల మీదికి వెళ్లారు. నాలుగో రోజు దాటకుండానే ఆట ముగిసింది. రెండు రోజుల ఆట ఒక్క సాయంత్రానికే అయిపోయింది. నీ పక్కన కూర్చున్న అతిథి పెన్నుకు క్యాప్ పెట్టి, చూడాల్సింది చూశామని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడట.

పార్కింగ్ లాట్‌లో నువ్వు నా దగ్గరకు వచ్చావు. ఎందుకు అంకుల్ అని ఒక్క మాటే అడిగావు. ఆసుపత్రుల జనరేటర్లు ఆగిపోతాయమ్మా, డయాలసిస్ వాళ్లు, పసిపిల్లలు, నా చేతులాడలేదు అన్నాను. నీ కళ్లలో నీళ్లు తిరిగాయి. మీ ప్లేస్‌లో నేనున్నా అదే చేసేదాన్నేమో అన్నావు. నన్ను కారు దాకా దిగబెట్టి, చలిగా ఉంది, కోటు బటన్స్ పెట్టుకోండి అని కూడా చెప్పావు.

నివేదికలో నన్ను వెనకేసుకొచ్చావు. తప్పు ఆ మంత్రిది కాదు, ఆశ చూపినప్పుడు కాపాడే ఏర్పాటు ఒప్పందంలో లేకపోవడమే తప్పు అని రాశావు. దానికి ఫలితంగా నీ ప్రతిపాదనను పక్కన పడేశారు. ఏడాదిన్నరగా వేరేవాళ్ల వ్యాసాలు సరిదిద్దే పనిలో పెట్టారు నిన్ను, మళ్లీ ఇప్పుడే నీకు ముసాయిదా రాసే పని ఇచ్చారు. నువ్వు మాత్రం ఒక్క మాట అనలేదు. క్రిస్మస్‌కు మా ఇంటికి కేక్ పట్టుకునే వచ్చావు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

నేను చేసిన ఇంకో పని కూడా చెప్పాలి. ఆట నుంచి వచ్చిన తర్వాతి ఆదివారం మన సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాను. దేవుడు నన్ను ఒక పరీక్షలో నిలబెట్టాడని, నేను గెలుపును కాక రోగుల్ని ఎంచుకున్నానని. అందరూ ఆమెన్ అన్నారు. మీ అమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. పాస్టర్‌గారు ఆ కథను రెండుసార్లు ప్రసంగంలో వాడుకున్నారు. అప్పటి నుంచి బల్ల ఆరాధనలో ప్రభువు శరీరమని పంచే రొట్టె పళ్లెం నా ముందుకు వస్తే పక్కవాళ్లకు అందించేసి కూర్చుంటున్నాను. షుగరు పెరిగిందని తినడం లేదని ఆంటీతో చెప్పాను. అంత చిన్న రొట్టె ముక్కకు షుగరేమిటని ఆంటీ అడిగింది.

పోయిన ఆదివారం నువ్వు కొత్త ముసాయిదా చదివి వినిపించావు. పెద్ద దేశం ఆశ చూపితే గంటలోగా మిగతావాళ్లకు చెప్పాలి, అందరూ కలిసే జవాబివ్వాలి అని పేజీలకు పేజీలు. ఎంత కష్టపడి, ఎంత నమ్మకంతో రాశావో. ఇది మీ వల్లే తెలిసింది అంకుల్ అన్నావు. ఆ మాట వినగానే ఆంటీ మోకాలి సంగతి ఎత్తుకున్నాను.

అది ఆట అయినా ఇప్పుడు రాబోయేవాళ్లు ఆటగాళ్లు కారు. వాళ్లకు నిజంగానే రేవులున్నాయి, ఆసుపత్రులున్నాయి. నా వల్ల తెలిసిందన్న ఆ భాగం తీసేయమ్మా. నా పేరూ తీసేయి. కారణం అడగకు. నీ విషయంలో నేను తప్పు చేశాను, నన్ను క్షమించు, అంతవరకే చెప్పగలను.

ఆంటీ నీకు గోంగూర పచ్చడి పంపుతానంటోంది. నీ పని మీద, ఆరోగ్యం మీద దేవుని కాపుదల ఉండాలని మా ప్రార్థన.

నీ మేలు కోరే,
ఆమోసు అంకుల్

తా.క.: కవరు అంటించే ముందు ఆంటీ ఈ ఉత్తరం చదువుతానని తీసుకుంది. నీ ఫోన్ వచ్చిన రోజు ఆమెకు జరిగిందంతా చెప్పేశాను. చదివి, కళ్లజోడు తీసి, ఇంత పొడుగు రాశారు, చేసిన పని మాత్రం రాయలేదేం అంది. మీరు రాస్తారా, నేను ఫోన్ చేయనా అని కూడా అంది. రాస్తున్నాను.

పెద్ద దేశం నాకు ఆశ చూపలేదు ప్రిస్సిల్లా. నేనే అడిగాను. భోజనాల విరామంలో, పన్నెండున్నరకు, కాఫీ దగ్గర కల్నల్ ఒక్కడే కనబడ్డాడు. నా రేవు తెరిస్తే నన్నొక్కణ్ణీ వదిలేస్తారా అని అడిగాను. ఆసుపత్రులకు తొమ్మిది రోజుల డీజిల్ ఉంది. పొద్దున లెక్క వేసింది నేనే. ఎవరూ చచ్చిపోయేవారు కాదు.

ఎందుకు అడిగానంటే, నాకు వచ్చింది అదే. ఈ దేశంలో నా మొదటి ఉద్యోగంలో వీసా మీదున్న నలుగురం, మా ఉద్యోగాల గురించి యజమాని దగ్గరకు విడివిడిగా వెళ్లకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఆ మధ్యాహ్నమే నేను ఒక్కణ్ణీ వెళ్లి తలుపు తట్టాను. మిగతా ముగ్గురూ ఉద్యోగాలు పోయి, నెల తిరగకుండా ఇండియాకు వెళ్లిపోయారు. అప్పటి నుంచి బలమున్నవాడు కనబడితే నా కాళ్లు వాటంతటవే అటు నడుస్తాయి. పెద్ద దేశాన్ని ఒక కంట కనిపెట్టమను ఆ వచ్చే అధికారులను, కానీ తమలో ఉన్న నాలాంటి మంత్రిని రెండు కళ్లతో కనిపెట్టమను.

గదుల బయట మాట్లాడటం నిషేధం కనుక కల్నల్ కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ వేళ ఆయన నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. జేబులోంచి మడిచిన కాగితం తీసి, భోజనాలయ్యాక రిఫరీకి ఇద్దామనుకున్నది ఇదీ, ఇక అక్కర్లేదు, మీరే ఉంచుకోండి అని నా చేతిలో పెట్టాడు. ఏడాదిన్నరగా నా బైబిల్లో ఉంది. ఇప్పుడు ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను. మూడు రేవుల్లో ఒక్కటీ లొంగడం లేదు, ఓడలన్నీ వెనక్కి పిలుస్తున్నాం అని ఇంగ్లీషులో రాసి, సంతకం చేసి, టైమ్ వేశాడు. పదకొండూ నలభై.

పద్నాలుగున వస్తాను. వాళ్ల ముందు నిలబడి ఇదంతా చెప్తాను. తర్వాత మన సంఘంలోనూ చెప్తాను. నీ ఒప్పందం ఓడిపోలేదమ్మా. నేను కాఫీకి వెళ్లడానికి యాభై నిమిషాల ముందే గెలిచింది.