గిటారుకు దండ

తమ్మీ,

దసరా పూజలో మీ వదిన నా స్కూటరుకీ, పిల్లల కంప్యూటరుకీ బొట్లు పెట్టింది. పంజాగుట్టలో కొన్న పాత తలుపుచెక్కతో నువ్వు చేసుకున్న గిటారుకు మాత్రం దండ వేసింది. నువ్వు పోయాక దాన్నెవరూ వాయించలేదు.

అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్న మన మనవరాలు, "తాతా, జర వాయించనా?" అంది.

"ముట్టకు! గది మీ చిన్నతాత," అని మీ వదిన అడ్డం వచ్చింది.

"గింత సన్న నడుము వానికెన్నడుండెనే?" అన్నాను.

నవ్వాపుకోలేక ఆమే దండ తీసేసింది.

నువ్వు నేర్పినట్టే పిల్ల వేళ్ళతో తీగలు మీటుతూ బ్లూస్ పాట మొదలుపెట్టింది.

"గంత ఉరుకకు బిడ్డా, మీ చిన్నతాత ఆగాగి వాయిస్తుండె," అని వంటింట్లోంచి మీ వదిన సరిదిద్దింది.

నువ్వు గిటారు తీస్తే చాలు, చెవుల్లో దూది పెట్టుకునేది ఈవిడేరా!

మీ అన్న