వదిన చెప్పని పేరు

బాన్సువాడ, 1987 ఆగస్టు, శనివారం రాత్రి

పొద్దుగాల వదినను చూపించనీకి దవాఖానకు తీస్కపోయిన. ఐదో నెల, అంతా మంచిగనే ఉందన్నరు. అంతకుముందే ఓ తమాషా అయింది. కంపౌండర్ తలెత్తకుండనే "మొగని పేరేంది, ఊరేంది?" అన్నడు. వదిన అన్న పేరు నోటితోని చెప్పదాయె. "కోటగిరి" అని మా సొంతూరు మాత్రం చెప్పింది. జరసేపటికి లోపల్నుంచి పిలుపు: "కోటగిరి భార్య ఎవరమ్మా?" మేం లేవనే లేదు.

ఇంట్ల అన్న ఒకటే నవ్వుడు. వదినకు కోపమొచ్చింది. "నేను చెప్పకుంటే మళ్ల అడగాలె గని, ఊరును తెచ్చి మొగని జాగల పెడ్తడా?"

హైదరాబాద్ ఆఫీసుల నేను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం చేస్తున్నది గదే! ఫైళ్ల పాత కాపీలు దాచే ప్రోగ్రాం అది. కమాండ్ కొట్టేటప్పుడు మొదలు ఏం మార్చినమో చెప్పాలె, తర్వాత ఫైలు పేరు. మొదటిది మరిచిపోతే ఫైలు పేరునే దాని జాగల పెట్టుకొని, ఏమీ దాచకుండనే "అయిపోయింది" అంటది. మొన్న నాతోని పనిచేసే రమణ రాసిందంతా గట్లనే పోయింది. తెచ్చుకున్న ప్రింటవుట్ మీద పెన్సిల్‌తోని దిద్దిన: మాట లేకుంటే ఆగు, మళ్ల అడుగు. ఈడ మిషన్ లేదు, సోమవారం కొట్టి చూడాలె. నడుస్తదనే అనిపిస్తుంది. సార్ ఏమంటడో మరి...

"వచ్చే నెల నువ్వే తీస్కపో" అని అన్నతోని చెప్పిన. వదిన ఊకుంటదా? "ఈయన నా పేరు చెప్తడా? ఎన్నడన్న పిలిచిండా?"

ఇప్పుడు వాకిట్ల అన్న మెల్లగ పిలుస్తుండు, "సుజాతా" అని. వదిన పలుకుతలేదు. తన పేరే గని, ఇంకెవరినో పిలుస్తుండనుకుంటుంది.