యోబన్న పక్కన

మేస్త్రీ చంద్రప్ప గారికి దండాలు. తాండూరు గనిలో మీ కింద యోబన్నకు జతగా బండలు లేపినాయన భార్యను. ఎదుటికి వచ్చి చెప్పలేక రాస్తున్నాను.

రెండేళ్లుగా దిగులుతో పని మాని ఇంటిపట్టునే ఉన్న మా ఆయనను వికారాబాద్ దవాఖానాలో డాక్టరమ్మ వారం వారం కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నది. ఇక పనికి పోవచ్చన్నది. మీరు దయతలచి కావలి పని ఇస్తామన్నారు. కానీ అక్కడ పగలంతా ఒక్కడే ఉండాలి. నాకు అదే భయం.

మొన్న యోబన్న ఇంటికొచ్చి, "ఏందిరా, గోడనే చూస్తున్నవ్? జర జరుగు, నేను గూడ చూస్త" అన్నాడు. ఆయన నవ్వాడు. ఆ నవ్వు విని చాలా కాలమైంది.

బరువు పనైనా సరే, యోబన్న పక్కనే వేయండి. మాట్లాడించమని యోబన్నకు చెప్పనక్కరలేదు. ఆపమన్నా ఆపడు.