చిన్నాయన అడిగిన ఉంగరం

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చంద్రగిరి కోటలో నిధుల కోసం తవ్వేవాళ్లు రాకుండా కాపలా కాసినవాడివి, ఇప్పుడు మనింట్లో నడిచే చైనా సీరియల్ చూస్తే వదిలేవాడివి కాదు. అందులో అందరూ తెలుగు మాట్లాడుతూ పాత సమాధులు తవ్వుతారు.

చిన్నాయన రోజూ సాయంత్రం దానికోసమే వస్తాడు. శవపేటిక మూత తెరిచినప్పుడల్లా టీవీని వదిలి నన్ను చూస్తాడు. మొన్న మెల్లగా అడిగాడు.

"అన్న వేలి ఉంగరం ఏమైంది పాపా?"

"తీసేసినాం" అన్నాను. అబద్ధం. అది నీతోనే మట్టిలోకి వెళ్లింది. తవ్వేవాడే ముందు ఆరా తీస్తాడని నువ్వే కదా చెప్పేవాడివి.

పొద్దున పూలు తీసుకుని నీ దగ్గరికొస్తే అంచుల్లో మట్టి లేచి ఉంది. పక్కనే గడ్డపారతో చిన్నాయన.

"ఏం చేస్తుండావు?" గట్టిగానే అడిగాను.

"ఎవరూ తవ్వకుండా బండలు పరుస్తుండా. ఆ రోజు అన్నకు నీళ్లు పోసింది నేనే గదా పాపా, సబ్బు పూసినా ఉంగరం రాలేదు. ఊళ్లో మాత్రం తీసేసినామనే చెప్పినా. నువ్వు యాడన్నా నిజం చెప్పేస్తావేమోనని అడిగినా."

కాపలా కాసేవాడు కూడా ఆరా తీస్తాడని నువ్వెప్పుడూ చెప్పలేదు నాయనా.